ఎర్త్ వైరు

గేటు పడిందని ఇంజను ఆపాడు ఢిల్లేసు.
గేటు లేచింది,
ఇంజను లేవలేదు.

కాశీబుగ్గలో అప్పటికింకా చీకటే.
జీడిపిక్కల బట్టీల వాసన రోడ్డు మీదికి దిగుతోంది.
షట్టరు మీద దబదబా కొట్టాడు:
"అన్నా, బేగి రా! టిక్కు టిక్కుమంటాది, అంతే.
బేటరీ కొత్తదే, దసరాకి ఏశాను.
దాని ముందుదీ కొత్తదే."

తెల్ల ఓమ్నీ. లోపల ముగ్గురు.
ఆరింటికి టెక్కలి ఆసుపత్రిలో మెషీను ఎక్కాలి.
వారానికి మూడుసార్లు ఇదే బండి, ఇవే సీట్లు.
బైరాగి తాత దిగి, తువ్వాలు పరిచి
పట్టాల పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు,
ఎదురుచూడటం బాగా వచ్చినవాడిలా.

ముందు అడుగు, తరవాత చూడు, ఆఖర్న ముట్టు
అనేవాడు నా గురువు కూర్మయ్య.
అడిగాను. ఎండకి ఎత్తుతుందట, మంచుకి మొరాయిస్తుందట.
చూశాను. హెడ్‌లైటు వేసి తాళం తిప్పితే
దీపం కళ్లు తేలేసింది.
హారన్ కొడితే జలుబు చేసిన మేక.

సీటు ఎత్తి మీటరు పెట్టాను.
పన్నెండు పాయింటు ఆరు.
కడుపు నిండా తిన్న బ్యాటరీ.
మరి ఆకలేడుపు ఎవరిది?

ఎర్రవైరుకి అందరూ దండం పెడతారు,
నల్లదాన్ని ఎవుడూ పలకరించడు. ఇదీ కూర్మయ్య మాటే.
ఒక ముల్లు మైనస్ మీద, ఒక ముల్లు ఇంజను దిమ్మ మీద.
"తిప్పరా."
సున్నా దగ్గర ఒదిగి ఉండాల్సిన అంకె
రెండు దాటి పాకింది.

"ఏటి బాబూ," వెనక సీట్లోంచి దమయంతమ్మ,
"దీనికీ రకతం కడగాలేటి?"
"రక్తం బాగానే ఉందమ్మా.
తిరిగొచ్చే దారి పాడైంది."
అన్నాక నాలుక కరుచుకున్నాను.
ఆమె మాత్రం నవ్వింది, పళ్లన్నీ కనబడేలా.

నల్లతొడుగు కోసి చూస్తే
రాగి లేదు. నెమలిరంగు పిండి.
సముద్రం వాళ్ల ఊరికి రెండు మైళ్లు.
రాత్రిళ్లు నడిచొచ్చి బండి కింద దూరి
నాకి పోతోంది కాబోలు.
రెండు బ్యాటరీల డబ్బు, ఎనిమిది వేల పైచిలుకు,
నూట అరవై రూపాయల వైరు మింగింది.

కొత్త వైరు కోసి, లగ్గు నొక్కి,
దిమ్మ మీది తుప్పుని
ఉప్పుకాగితంతో తెల్లబడేదాకా రుద్దుతుంటే
ఆమె ఎడమచెయ్యి సీటు మీదుగా చాపింది.
మోచేతి దగ్గర పాములా ఉబ్బిన నరం.
"నువ్వు కరెంటోడివి కదా, ఇది ముట్టి సూడు."
"గ్రీజు చేతులమ్మా, వద్దు."
"అయితే సెవి పెట్టు."

పెట్టాను.

వానాకాలం అర్ధరాత్రి
ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడితే వినిపించే హోరు,
ఆగకుండా, ఒకే ధాటిగా.
పాతికేళ్లుగా ఎన్ని మోటార్లకి చెవొగ్గానో,
ఇంత నిఖార్సుగా తిరిగేది ఒక్కటీ వినలేదు.

"ఆగిపోతే సెప్పమన్నారు డాక్టరు బాబు.
రోజూ పడుకునే ముందు ఇనుకుంటాను."

నట్టు బిగించాను. వేజలీను పూశాను.
ఢిల్లేసు తాళం తిప్పీ తిప్పకముందే
బండి గుర్రుమంది.
డబ్బులు రేపిస్తానన్నాడు. సరేనన్నాను.
తాత తువ్వాలు దులుపుకుని ఎక్కాడు.

పన్నెండున్నరకి తిరుగుదారిలో
మళ్లీ గేటు పడింది.
ఇంజను ఆపాడు. నా కొట్టు వైపు చూశాడు.
తీశాడు. ఆపాడు. మళ్లీ తీశాడు.
"పెట్రోలు తగలెయ్యకురా!" అని అరిచాను,
గూడ్సు మోతలో వినపడలేదు.

కిటికీ అద్దానికి తల ఆన్చి
దమయంతమ్మ నిద్రపోతోంది.
కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో వెల్లకిలా ఉంది.