వాన లెక్కల పెట్టె

మా మామ పక్కీరప్ప వాన లెక్కకు
నలభై ఒక్క తగిలింపులు.
నేనే తగిలించినా, ఒక్కొక్కటీ ముచ్చటపడి,
కల్యాణదుర్గంలో, జిరాక్సు అంగడి వెనకాల,
కరెంటు ఉన్న రాత్రుల్లో.

ముప్పై మూడేండ్లు రాసినాడాయన.
మిద్దె మీద గాజు గొట్టం, చెవిలో పెన్సిలు.
కార్తె పేరు, పదును ఎంత, గాలి ఏ దిక్కు.
వాన పడని పొద్దు కూడా ఎక్కి చూసి
ఒక గీత గీసి దిగేవాడు.

ఆ పుస్తకాలన్నీ టైపు చేసి
పాత కంప్యూటరొకటి కొని దాంట్లో పోసి
చుట్టుపక్కల ఊర్లోళ్ళ ఫోన్లకు అందేటట్టు పెట్టినా.
ఎవరి సర్వరూ కాదు. నాదే.
కరెంటు బిల్లు నాది, గురక పెట్టే ఫ్యాను నాది.

అంతమటుకు బాగుండె.
ఆ తర్వాతే పట్టింది ప్లగిన్ల పిచ్చి.

రంగుల పటాలు గీసేదొకటి.
ఎంతమంది చూసినారో లెక్కపెట్టేదొకటి,
ఎక్కువసార్లు చూసింది నేనే.
తాళం వేసేదొకటి, ఆ తాళానికి కావలి ఇంకొకటి.
చేసినోడే నాలుగేండ్ల కిందట వదిలేసి పోయిందొకటి,
మెట్లూడిన దిగుడుబావి మాదిరి.
తెర మీద చినుకులు రాలేదొకటి.
రాలేదు అనే చదువుకోండి,
మా వైపు అంతే.

ఓబుళప్ప తాత వచ్చి అంగట్లో నిలబడినాడు.
"ఎద్దులమ్మిన యాడు లెక్క చూపియ్యి మే,
మనవడు నమ్మడంట."
తెర తెరుచుకునే లోపల
ఆయన టీ అయిపాయ, గ్లాసు కడిగేసిరి,
గుండ్రం ఇంకా తిరుగుతానే ఉంది.
తెరుచుకున్నాక కండ్లు చిన్నవి చేసుకుని చూసి
"ఆరుద్రలో వాన యాడిది మే ఆ యాడు?"

పదకొండు మిల్లీమీటర్లు, నీలం రంగులో.
పుస్తకం తీసి చూస్తి.
గీతలు. పేజీ నిండా గీతలు.

తెలివైనదొకటుండె నా నలభై ఒకటిలో.
గీతల్ని ఖాళీలనుకుని
సగటు తీసి రాత్రికి రాత్రి నింపేసింది.
ఆ కరువు మీద వాన కురిపించింది,
ఒక్క మట్టిబెడ్డ తడవకుండా.
తాత ఏమీ అనలేదు.
ఫోను చొక్కా జేబులో పెట్టుకుని పాయ.

ఆ రాత్రి కూర్చున్నా, తీసేసేదానికి.

గోడకానించిన మామ గొర్రు కండ్లబడింది.
దానికి జడ్డిగం తగిలిస్తాడు,
వెనక తాడుకట్టి కందులకు
అక్కడిసాలు గొట్టమొకటి లాక్కుపోతాడు.
అంతే. గజ్జెలు కట్టలేదు ఎప్పుడూ.
"ఏది తగిలించినా లాగేది ఎద్దే గదమ్మా" అనేవాడు.

ఒక్కొక్కదాన్ని అడిగినా:
నువ్వు లేకుంటే రేపు పొద్దున
ఎవరు తడుముకుంటారు?
చానా వాటికి జవాబు లేదు.
తెలివైనదానికి ఉండె, చానా పొడుగు జవాబు.
దాన్నే ముందు పీకినా.
చినుకులదాన్ని మాత్రం చూస్తా కూర్చున్నా కాసేపు.
జ్యేష్ఠమాసం ఉక్క, తెర మీద తుంపర.
తీసేసినా.

రంగూ లేదు, రూపూ లేదు, ఒక ముసలిదుంది.
రోజూ నడిరేయి లేచి, చప్పుడు లేకుండా
అన్నిటికీ నకలు తీసి పెన్‌డ్రైవులో దాచేది.
పెట్టినట్టే మర్చిపోయినా దాన్ని.
సగటు అంటని అంకెలు
దాని కొంగుముడిలోనే దొరికినాయి.

తెల్లారేలోపల
గీత ఉన్న ప్రతి గడిలో గీతే పెట్టినా,
చేత్తో, ఒక్కొక్కటి, ఆయన మిద్దె ఎక్కినన్ని సార్లు.
ఫ్యాను గురక ఎప్పుడు ఆగిందో తెలీలేదు.

శుక్రవారం సంతకొచ్చినాడు ఓబుళప్ప తాత.
బల్ల మీద కూర్చోకముందే తెర తెరుచుకుంది.
వేలితో కిందికి తోస్తా పోయినాడు,
గీత, గీత, గీత.

"ఆఁ, ఇదీ ఆ యాడు" అని
పాస్‌బుక్కు తీసి చేతికిచ్చె,
రెండు కాపీలు, రెండు పక్కలా.