గేటు రిజిస్టర్లో ఒక వరస

సొహార్ పోర్టు రోడ్డు పక్కన, మా క్యాంపు గేటు దగ్గర
ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది.
విరిగిన కాలికి ఆయన చుట్టిన రాగితీగ
ఇంకా బిగువుగానే ఉంది.

కోరాడ అప్పలస్వామి, తండ్రి పైడయ్య,
నౌపడ ఉప్పుమళ్ళ పక్క పల్లె.
ఇలాగే రాయాలి.
ఇంటిపేరు ముందు, తండ్రి పేరు తర్వాత, ఊరు ఆఖర్న.
ముక్క తగ్గితే ఊరుకునేవాడు కాదు.

నీళ్ళ ట్యాంకరు తోలేవాడైనా,
చెత్తబండి బలూచీ అయినా,
పన్నెండు గంటలు పైపుల మీద వెల్డింగు చేసి
కళ్ళలో కారం కొట్టినట్టు మేమొచ్చినా,
"పూర్తి పేరు సెప్పు బాబూ" అనేవాడు.
రోజూ చూసే మొహాలే కదయ్యా అంటే
"మొగం నానెరుగుదును. కాయితం ఎరగదు గదా."

ఒకసారి ఒళ్ళు మండి
మా నాన్న పేరు అడిగితే ఎవరో సినిమా హీరో పేరు చెప్పాను.
మాట్లాడకుండా రాసుకున్నాడు.
మర్నాడు పొద్దున్న, అందరి ముందూ,
"నిన్న మీ నాన్న మారిపోనాడేటి?"

యుద్ధం గురించి ఒక్క రాత్రే చెప్పాడు.
జనవరి చలి. రిఫైనరీ మంట ఆకాశాన్ని నాకుతోంది.
డెబ్బై ఒకటి, తూర్పు సరిహద్దు, ఆయనకి ఇరవై ఏళ్ళు.
పడిపోయినవాళ్ళ బొటనవేలికి చీటీ కట్టడం ఆయన పని.
పేరు, నెంబరు, దళం.
ఆ రోజు పెన్సిలు ఎక్కడో జారిపోతే
పక్కవాడి సిరాకలం అడిగి రాశాడు.
ఏరు దాటుతుంటే చీటీ తడిసింది.
ఒడ్డుకొచ్చేసరికి నీలం మరక.
"గుంటడు. మీసం కూడా నేదు.
ఎడంసేతి మీద సేప పచ్చబొట్టు.
సేప కింద పేరు పొడిపించుకుంటే పోయేది గదా, ఎర్రోడు."

అంతే. కెటిల్ స్విచ్ నొక్కాడు.
ఇంకేం అడిగినా
పంచదార ఎంత వెయ్యమంటావన్నాడు.

కంపెనీ ఇచ్చిన పెన్నులన్నీ మాకే పంచేవాడని,
రిజిస్టరు మొత్తం పెన్సిలేనని
అప్పుడు గమనించాను.

రాత్రుళ్ళు ఊడ్చే బంగ్లా కుర్రాడు మజీద్‌ని మాత్రం
పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవాడు,
మీ ఏటి రేవులో పడవేనా, వంతెన కట్టారా అని.
మజీద్ పుట్టిందే ఆ తర్వాత పదిహేనేళ్ళకి, వేరే జిల్లాలో.
"కట్టారు చాచా, పెద్ద వంతెన" అనేవాడు.
రోజూ అడిగేవాడు. రోజూ కట్టేవాడు.

ఆగస్టు. డ్యూటీలోనే, కుర్చీలోనే.
ఆస్పత్రి ఫ్రీజరు తలుపు మీద కాగితం:
అప్పల. క్లీనర్. ఇండియన్.
వీసాలో ఆయన క్లీనరే.
పతకాలు పాలపొడి డబ్బాలో ఉన్నాయి,
సూదీ దారం, రెండు చొక్కా గుండీలతో కలిసి.

మూడు రోజుల జీతం కోత పెట్టించుకుని
కౌంటరు ముందు నిలబడ్డాను.
నాకు అరబీ రాదు, ఆయనకి హిందీ సగమే వచ్చు.
కో. రా. డ. ఒక్కో అక్షరం ఊది ఊది పలికాను.
తెల్లగడ్డం గుమస్తా విసుక్కోలేదు.
రాసి, కలం ఎత్తి, తనంతట తనే అడిగాడు:
"బిన్?"
ఎవరి కొడుకు అని.
ఇన్నేళ్ళలో ఈ దేశం మమ్మల్ని అడగని మాట.
నా గొంతు పట్టేసింది.
"బిన్ పైడయ్య" అన్నాను.

మస్కట్ విమానానికి వెళ్ళే వ్యాను
డ్రైవర్ని బతిమాలి గేటు దగ్గర ఆపించాం.
మజీద్ చీపురు పక్కన పెట్టి నిలబడ్డాడు.
సెల్యూట్ ఎలా కొట్టాలో మాలో ఎవరికీ తెలీదు.
బ్లేడుతో పెన్సిలు చెక్కి వరస నింపాను.
ఇంటిపేరు, పేరు, తండ్రి, ఊరు.
వెళ్ళిన టైము నాలుగూ పది.
వచ్చిన టైము గడి దగ్గర ముల్లు ఆగి
కాగితం మీద చిన్న చుక్క పడింది.

వెనక ట్యాంకరు హారన్ కొడుతోంది.
ఎవరో కొత్త డ్రైవరు, కిటికీలోంచి తల బయటపెట్టి తిడుతున్నాడు.
నేను కుర్చీలో కూర్చున్నాను.
"పూర్తి పేరు చెప్పు."