అ నుంచి హ దాకా

ఎనుమాముల యార్డులో రాత్రి పదకొండు.
షెడ్ల నిండా మిర్చి ఘాటు,
ఫ్యాను వేస్తే తుమ్ము, ఆపితే చెమట.
పొద్దున ఆరుకల్లా తక్‌పట్టీలు అచ్చు కావాలి.

మొదటి తప్పు చిన్నదే.
చదరపు బ్రాకెట్ తెరిచి మూయడం మరిచాను.
మూతి కుట్టని బస్తా అది.
దాని వెనక రాసిన చుక్కా, కూడికా, నక్షత్రమూ
అన్నీ జారి అందులోనే పడ్డాయి.
కుట్టాను.

రెండోది త-చ.
తేజకు త, చపాటకు చ,
లాట్ నంబర్ల నడుమ వచ్చే అడ్డగీత.
మూడింటినీ ఒకే బ్రాకెట్లో కూచోబెట్టాను.
నేను గీత అనుకున్నదాన్ని
మిషన్ "నుంచి దాకా" అని చదివింది.
త నుంచి చ దాకా అంటే వెనక్కి నడవడమే కదా.
తెర మీద ఎర్రటి కేక: వరుస తలకిందులు.

కాంటా దగ్గరి దడ్వాయి మొయినుద్దీన్
చాయ్ గ్లాసుతో తొంగిచూశాడు.
"నడుమ నిల్సున్నోడే లొల్లి పెడ్తడు మేడం,
ఆఖరుకు జరుపు."
జరిపాను.
అక్కడ అది ఉత్త గీత, ఏ ఊరికీ దారి కాదు.
ఎరుపు పోయింది.
కీబోర్డు పక్కనే తల వాల్చాను.

ఏడింటికి కిటికీ ముందు
పర్వతగిరి దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన,
తలకు తువ్వాల, చేతిలో నా కాగితం.
"బిడ్డా, గీ కరయయ ఎవలు?
మా నాయిన నాకు కొంరయ్య అని పెట్టిండు."
ఆయన వెనక ఓదెలు ఓదల అయి నిలబడ్డాడు,
నర్సింగం నరసగ అయి.

పేర్లలోంచి చెత్త ఏరడానికి నేనే రాశాను:
అ నుంచి హ దాకా ఉన్నవి తప్ప
అన్నీ తీసెయ్.
మిషన్ ఒక్క మాట అనలేదు. తీసేసింది.
దాని వరుసలో సున్న, అ కంటే ముందే, గడప బయట.
గుడి, కొమ్ము, ఒత్వం, పొల్లు
హ దాటాక దొడ్డివైపు.
గుణింతం అక్షరం కడుపులోనే ఉంటుందనుకున్నాను,
పలక మీద దిద్దిన చేతితో.

రాత్రంతా అరిచే తప్పులకు భయపడ్డాను.
అరవనిది ఇదిగో,
కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాపి
మెల్లగా దగ్గుతోంది.

పెన్ను తీసి
క మీద ఒత్వం ఇచ్చాను, పక్కన సున్న,
చివరి యను కొట్టేసి ముందు యకు కింద వేలాడదీశాను.
ఆయన కాగితం దూరంగా పట్టుకుని
రెండుసార్లు కూడబలుక్కున్నాడు.

"పేరే గిట్లుంటే
తూకం ఎట్లున్నదో సూడు బిడ్డా."