బుధవారం గడ్డం

కొర్లగుంటలో మూడో సందు,
మేడ మీద రెండు గదులు, పద్దెనిమిది మెట్లు.
చెంగల్రాయప్ప ఆ మెట్లు దిగి
పోయిన వినాయక చవితికి ఏడాది.
నేను మాత్రం దినామూ ఎక్కతా ఉండా
పొద్దున ఏడుకి, అన్నం క్యారియరు చేత పట్టుకోని.

కూతురు సులోచన కొండ బస్సులో కండక్టరు.
నేను గడప తొక్కేలోపలే
టిక్కెట్ల మిషను భుజాన తగిలించుకోని
"రాత్రి మూడుసార్లు లేచినాడు దేశమ్మా,
ఒకసారి తడిపినాడు, దుప్పటి నానేసినా" అని
మెట్లు దిగతా చెప్తాది.
మా ఇద్దరికీ మాటలంటే అంతే,
ఒక మనిషిని చేతులు మార్చుకునేంత.

నీళ్లు తాగితే పొరబోతాది ఆయనకి.
పల్చటివి ఇయ్యొద్దన్నారు రుయాలో.
రాగిజావ చిక్కంగా కాచి చెంచాతో పెడతా.
గడ్డం కిందికి దించి మింగు నాయనా, అంటా.
గొంతుముడి పైకి పోయి కిందికి దిగితేనే
రెండో చెంచా.
గిన్నె జావకి ముక్కాలు గంట.
ఆలోపల సందులో పూల బండి వచ్చి పోతాది,
సిలిండర్లోడు ఇనుము మీద కొట్టుకుంటా పోతాడు,
కిటికీలో కొండ మీద మబ్బు
అరిచెయ్యంత జరగతాది.

కల్యాణకట్టలో ముప్పై ఒక్క ఏండ్లు
గుండ్లు గీసిన మనిషి.
ఎన్ని తలకాయలు నాయనా, అని అడిగితి ఒకనాడు.
"లెక్కపెడితే చెయ్యి ఆగతాదే" అనె.
ఆ మాట బయటికొచ్చేదానికే అర నిముషం పట్టె.
పసిబిడ్డ ఏడిస్తే చెవి దగ్గిర
నాలుకతో టక్ టక్ మనేవాడంట.
బిడ్డ అటు తిరిగే సందులో మాడు అయిపోయేదంట.
ఇప్పుడా కుడిచెయ్యి
ఒళ్ళో పెట్టుకున్న కోడిపిల్ల మాదిరి
ఊరికే అదురుతా ఉంటాది.
ఎవురన్నా వస్తే
రెండో చేత్తో మూసిపెడతాడు.

పక్క తిప్పేది, వీపు తుడిచేది, పుండు పడకుండా చూసేది
మూడు నెలలు నేర్పించినారు నాకు.
కత్తి పట్టేది చెప్పలా.
మొదటి వారం దవడ తెగింది.
నెత్తురు చూసి నేను బిగుసుకుపోతే
ఆయన నవ్వినాడు. నవ్వంటే ఒక పక్క పెదవి.
"నీళ్లు చాల్లా. ముందు బాగా తడపాల.
తడిసిన వెంట్రుక కొట్లాడదు."

మొన్న బుధవారం కుడి చెంప అయిపోయింది,
ఎడమ పక్క నురగ పెట్టినా.
ఫోను.
పుత్తూరు అవతల మా ఊర్లో
మాయమ్మని చూసుకునేదానికి నెలకి రెండువేలు ఇస్తాండా
ఎదురింటి సెల్వికి.
"అక్కా, అవ్వ దొడ్లో జారి పడింది,
మణికట్టు వాచిండాది, ఆటోలో కట్టుకి తీసకపోతాండా."
సులోచనకి చేస్తే అందలా,
కొండ మలుపుల్లో ఉండాదేమో.
రాత్రి ఎనిమిది దాకా నేనే.
కత్తి తీసుకుంటి, పెడితి, మళ్లీ తీసుకుంటి.
నా చెయ్యి ఆయన చెయ్యి మాదిరే అదురుతా ఉంది.

నురగ ఆరిపోతా ఉంటే
నా మొగం పక్క చూసి
చెంగల్రాయప్ప
టక్, టక్ అన్నాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

నురగ తుడిచేసి జావ పెట్టినా,
ముడి చూసినా, రెండో చెంచా.

రాత్రి బస్సుకి పోయినా.
మాయమ్మ చేతికి కట్టు,
ఇంటినిండా గుడ్డు సొన, ఆకు పసురు వాసన.
"నువ్విట్టొస్తే ఆ ముసలాయనకి ఎవురు పెడతారే?" అనింది,
ముందు ఆ మాటే.
బేస్తవారం ఆమెకి తల దువ్వితి.
సెల్వికి ఇంకో మూడొందలు ఒప్పుకుంటి.

శుక్రవారం పొద్దున ఏడు, పద్దెనిమిది మెట్లు.
సులోచన రెండు దినాలు సెలవు పెట్టిందంట,
కండ్లు ఎర్రగా ఉండాయి, ఏమీ అనలా.
ఆయన కిటికీ పక్క కూర్చోనుండాడు,
ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా.
గిన్నె తీస్తా ఉంటే చూసి
"శుక్రవారం కత్తి ముట్టరాదే" అన్నాడు.

నీళ్లు కాచినా.
బాగా తడిపినా.