తోడు

మంగళవారాలు నేవెంకా ఇంటికి వెళ్లేదాన్ని,
మూడు గంటల పని, మున్సిపాలిటీ జీతం.
మొదటి రోజే నా సంచీలో సీసాలు
ఒక్కొక్కటీ తీసి గుమ్మం అవతల పెట్టింది.
నీలం నీళ్లది, నిమ్మకాయ బొమ్మది,
పేరు నోరు తిరగనిది.
"ఇవి నీతోనే తీసుకెళ్లు. నా మందు కింద ఉంది."

కింద నేలమాళిగ.
మూలన పీపా, మూతి మీద
నాలుగు మడతల పాత దిండుగలీబు.
కార్స్ట్ కొండల తెల్ల వైను
ఎన్నడో మనసు విరిగి వెనిగర్ అయింది.
ద్రాక్ష చచ్చినా పులుపు చావలేదు.
గుడ్డ తీయగానే ముక్కులోంచి మాడుకెక్కింది.

పైన తేలుతోంది మీగడ లాంటిది,
కాదు, మీగడ కన్నా మందం,
పచ్చి కాలేయపు ముక్కలా జారుగా.
"మా అత్త ఇచ్చిన తోడు.
యాభై రెండేళ్లయింది, ఇంకా బతికే ఉంది.
ఆల్బినే, పోయాడు."
చెప్పి, గరిటె నా చేతికిచ్చింది.

ఇక పాఠాలు.
కిటికీ అద్దాలకి సగం నీళ్లు, సగం ఇది,
తుడవడానికి పాత పేపరు,
చావు వార్తల పేజీ అయితే ఇంకా మంచిది,
ఎవరూ రెండోసారి చదవరుగా.
కుళాయి మూతికి తడిగుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యి,
గొంతు నొప్పికి పట్టీ వేసినట్టు,
రాత్రంతా అలా ఉండనీ.
బ్లీచుతో మాత్రం ఎప్పుడూ కలపకు,
వాళ్లిద్దరూ ఒక గదిలో ఉంటే
మూడో మనిషికి ఊపిరాడదు.
ఇక రాతి గట్టు మీద ఒక్క చుక్క పడకూడదు.
ఒక్క చుక్క.
ఆ మాట చెప్పేటప్పుడు వేలు చూపించింది.

ఇక్కడి నీళ్లు రాయి తాగిన నీళ్లు.
వారం తిరిగేసరికి కెటిల్ అడుగున
సున్నం పెచ్చు కడుతుంది.
నేవెంకా మూత తీసి తొంగి చూసేది,
"వచ్చావా" అనేది.
ముప్పై ఎనిమిదేళ్లు క్వారీలో రాయి కోసినవాడు,
కనురెప్పల మీద తెల్లదుమ్ముతో
గుమ్మంలో నిలబడి బూట్లు దులిపేవాడట.
పెచ్చు మీద వెనిగర్ పోసి
చెవి దగ్గర పెట్టుకునేది కెటిల్‌ని.
బుసబుస, చిటపట.
"విను. అచ్చం ఇట్లాగే గొణిగేవాడు,
సూపులో ఉప్పు తక్కువైతే."
నేను వినేదాన్ని. నాకు బుడగలే వినపడేవి.

నవంబరు ఒకటికి ఊరంతా
సమాధులు కడిగి దీపాలు పెడతారు.
ఆ ముందు వారం నాకు జ్వరం, వెళ్లలేదు.
వెళ్లేసరికి వీధిలోనే యాద్రాంకా ఆపింది:
"మీ ముసలావిడ ఏం చేసిందో చూశావా?"

చూశాను.
ఆల్బిన్ తన చేత్తో చెక్కుకుని,
అద్దంలా నునుపు తీసుకున్న రాయి,
తన పేరు, పక్కన ఆమె పేరు, పుట్టిన ఏడు,
చిన్న గీత, ఖాళీ.
ఇప్పుడు దాని మీద ధారలు ధారలుగా
శుక్లం కమ్మిన కన్నులా మసక.
అంచులు కరిగి
'ఆల్బిన్'లో 'న్' ముద్దగా మాట్లాడుతోంది.

ఇంటికొచ్చి అడిగాను, కోపంగానే అడిగాను:
"ఒక్క చుక్క పడకూడదని నాకు చెప్పింది నువ్వు కాదూ?
రాతిపనివాడి పెళ్లానివి, నీకు తెలీదా?"
బంగాళాదుంప తొక్క తీస్తూ
తల ఎత్తకుండా అంది:
"తెలుసు.
ఎంతసేపని కెటిల్లోనే వింటాను?"

తరవాత ఆ మాట మేం ఎత్తలేదు.
దుంపలు ఉడికాయి. తిన్నాం. ఉప్పు తక్కువే.

వసంతంలో నాకు వేరే ఊళ్లో పని దొరికింది.
వెళ్లేరోజు ఊరగాయ జాడీలో
తోడు ముక్క కోసి ఇచ్చింది, గుడ్డ కట్టి.
"వారానికోసారి పలకరించు" అంది,
దాన్నో, తననో, చెప్పలేదు.
బస్సులో ఒళ్లో పెట్టుకుంటే
పక్క సీటాయన లేచి ముందుకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా వంటింటి అలమారలో ఉంది.
కిటికీలు మెరుస్తున్నాయి, సింకు మెరుస్తోంది.
కెటిల్ అడుగున మాత్రం
వేలి గోరంత తెల్లపెచ్చు.
పొద్దున చూశాను. మూత పెట్టేశాను.
ఇవాళ శనివారం.
మంగళవారం చూద్దాం.