నాలుగో నంబరు వీపు

టీకొట్టు మీద మేడగదిలో మీటింగు.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు.
బేసిన్ బ్రిడ్జి వైపు రైలు వెళ్లినప్పుడల్లా
తంగవేలు సార్ చదవడం ఆపి
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదలెడతాడు:

"లీగులో మనం తిన్న గోల్సు పద్నాలుగు.
అందులో ఆమోసు పుణ్యం ఆరు.
వెనక్కిచ్చిన పాసు జారి ఒకటి,
చేతికి తగిలి పెనాల్టీ ఒకటి,
మన గోలు ముందరే ఇద్దర్ని తప్పించబోయి
మూడోవాడికి అప్పజెప్పినవి మూడు..."

గోవా నుంచి వచ్చిన బేరం పద్దెనిమిది లక్షలు.
మూడు నెలల జీతాల బాకీ,
డ్రెస్సింగ్ రూము రేకులకి తుపాను పెట్టిన చిల్లు,
అన్నీ ఆ అంకెలో తీరతాయి.
"ధర ఉండగానే అమ్మేద్దాం" అన్నారెవరో.
కాశిమేడులో చేపల గురించి అనే మాటే,
ఐసు కరిగేలోగా.

నేను గోల్‌కీపర్ని.
రెండేళ్లుగా నేను చూసింది వాడి ముఖం కాదు, వీపు.
చెమటకి ఒక అంచు ఊడిన నాలుగో నంబరు.
పరిగెత్తితే సిలువ గొలుసు వెనక్కొచ్చి
ఆ నంబరు మీద గెంతుతుంటుంది.

తప్పులకి లెక్క రాయడం తేలిక, సార్.
నా దాకా రాని బంతులకి
ఏ నోటుబుక్కులో పేజీ ఉంది?
ఆ రోజు వాన, బురద.
రైల్వే టీము ఫార్వర్డు ఒంటరిగా మీదికొస్తుంటే
మనసులో నేను అప్పటికే
బంతిని నెట్లోంచి తీస్తున్నాను.
ఎక్కణ్ణుంచి వచ్చాడో,
ఒక్క కాలు జాపి బంతిని మాత్రమే తీసుకుని,
లేచి, బురదైనా దులుపుకోకుండా
సగం మైదానం నడిపించుకుపోయాడు,
సాయంత్రం ఆరింటికి మింట్ వీధిలో
సైకిలు మీద పాల క్యాను తీసుకెళ్లేవాడిలా
ఎవరికీ తగలకుండా, చుక్క ఒలకకుండా.

ఆ కాలే మర్నాడు మన పెట్టెలో జారుతుంది.
ఒకటి ఉంచుకుని ఇంకోటి అమ్ముదామంటే
కాలు రెండు కాదు గదా.

వాళ్లమ్మ తెల్లారుజామున నాలుగింటికి
పుళియంతోపులో కార్పొరేషన్ బండెక్కుతుంది.
వాడు తప్పు చేసిన రాత్రల్లా మా ఇంటికొచ్చి
"నువ్వైనా తిట్టు నాయనా" అంటుంది.
తిట్టడం నాకు చేతకాదు.
కాఫీ ఇచ్చి పంపిస్తాను.

మేమిద్దరం మైదానంలో తెలుగులో అరుచుకుంటాం,
ఎదుటివాళ్లకి అర్థం కాకూడదని.
"కొట్టెయ్" అంటే కొట్టేస్తాడు.
"నాది" అంటే పక్కకి తప్పుకుంటాడు.
రెండే మాటలు.

ఇప్పుడు సార్ ఆరోది చదువుతున్నాడు.
"పోలీసు టీముతో, ఎనభై ఎనిమిదో నిమిషం.
కార్నరు. తలతో. సొంత గోలు."

రెండడుగులు వేస్తే చేతికందే బంతి అది.
నా మోకాలు, ముప్పై ఏడేళ్ల మోకాలు, వద్దంది.
నోరు తెరిచాను. మాట రాలేదు.
నా అరుపు కోసం వాడొక్క క్షణం ఆగాడు.
ఆ ఆగడం వాడి వీపులో చూశాను.
తర్వాత ఎగిరాడు, ఆలస్యంగా.
లేచాక నా వైపు తిరగలేదు.
కెప్టెన్‌తో, కోచ్‌తో, చివరికి గేటు కాపలావాడితో
"తప్పు నాదే" అన్నాడు.

చేతులెత్తినవాళ్లు ఐదుగురు, ఎత్తనివాళ్లు ఐదుగురు.
"గురునాథం, నువ్వు చెప్పు.
వెనకుండి చూసేవాడివి నువ్వే గదా."

నా కాంట్రాక్టు మార్చితో సరి.
వ్యాసర్‌పాడి కుర్రాడొకడు, పందొమ్మిదేళ్లు,
రోజూ గ్లవ్స్ ఉతుక్కుని మరీ ప్రాక్టీసుకొస్తున్నాడు.
గోవాకి పోవడం ఇష్టమా అని
ఆమోసుని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.
కింద టీకొట్టులో వాడి నవ్వు వినబడుతోంది,
మిరపకాయ బజ్జీ ఘాటుకి దగ్గుతూ.

రైలొచ్చింది. గ్లాసులు గలగలమన్నాయి.
అది దాటేదాకా అందరూ ఆగారు.
దాటాక,
పదకొండు రోజులు ఆలస్యంగా,
ఆ కార్నరు ఇంకా గాల్లోనే ఉన్నట్టు
అరిచాను:

"నాది."