నేల విడవని సాము

పడవ దిగగానే అతను చేసిన మొదటి పని
వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి చూడటం.
మట్టి కాదది, పగడాల పిండి.
వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.
ఇక్కడేం పండుతుందని సైగలతో అడిగాడు.
నాకప్పుడు పదమూడేళ్ళు.
కొబ్బరితోట చూపించాను.
అప్పటికే చెట్లకి తలల్లేవు.

ఎల్డన్ ప్రూయిట్, మొక్కజొన్న రైతు కొడుకు.
ఈత రాదు.
ఇరవై రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చాడు,
సముద్రం మీద జరిగే యుద్ధానికి.
"చేపల తగాదాకి కోళ్ళని తోలుకొచ్చారు"
అని మా మేనత్త ఒకటే నవ్వు.

చీకటి పడితే ఓడలు రొవియానా మడుగు దాటి వెళ్ళిపోయేవి.
విమానాలు కాలు మోపే చోటు లేక
ఓ చుట్టు చుట్టి వచ్చిన దారినే పోయేవి.
మిగిలేది వీళ్ళు.
నేల విడిచి సాము చేసేవాళ్ళందరి కోసం
ఆ కాస్త నేలనీ పట్టుకుని
నడుం లోతు గుంటల్లో, వానలో.

రాత్రి ఎండాకుల మీద పీతలు నడిచేవి.
ఆ చప్పుడుకి కత్తులు దూసేవాళ్ళు.
తెల్లారి చూస్తే పీత డిప్పలు,
ఒక్కోసారి పక్కవాడి చెయ్యి.
ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

మా అన్న సకిరి మోతగాడు.
పెట్టెలు లోపలికి, మనుషులు బయటికి.
మనుషులే బరువు, కూలి మాత్రం ఒకటే, అనేవాడు.

పదకొండు రోజుల్లో మూడు వందల గజాలు జరిగారు.
అధికారి పటం మీద నేను చూశాను:
సముద్రం బారెడు, మా దీవి గోటి మీద మచ్చంత.
ఎల్డన్ ఆ మచ్చలో ఎక్కడున్నాడో తెలీదు.
సకిరి మోసుకొచ్చిన వాళ్ళలో లేడు.

తరవాత తోట చదును చేసి పగడం పరిచారు.
విమానాలు దిగాయి, బాంబులు ఎక్కించుకుని
ఇంకో దీవికి పోయాయి.
అక్కడా ఎవరో ముందే నడిచి వెళ్ళి ఉంటారు.

అతను తవ్విన గుంట మాత్రం ఉంది.
అందరివీ కూలాయి, అతనిది కూలలేదు,
నాలుగు మూలలూ గీత గీసినట్టు, రైతు పని.
ఏళ్ళ తరబడి ఆకులు పడి కుళ్ళాయి, నీళ్ళు నిలిచాయి.
నా భార్య లిలోమో అందులో చేమదుంప వేస్తుంది.

ఇవాళ తవ్వుతూ గుప్పెడు తీసి నలిపాను.
నల్లగా ఉంది, చేతికి అంటుకుంది.
కాసేపు అలాగే పట్టుకు నించున్నాను.

"చెయ్యి కడుక్కుని రా,
దుంపలు చల్లారిపోతున్నాయి."